రెండో డొమైన్‌కి తలుపు తీసే ముందు

అమ్మలూ,

మీలో కలిసిన రెండో కంపెనీ వాళ్ళకి మీ సాంబా ఫైల్ సర్వర్‌లో (లినక్స్ మీద నడుస్తూ విండోస్ వాళ్ళకి ఫైళ్ళు పంచేది) యాక్సెస్ ఇచ్చే పని నీకు అప్పగించారని అక్క చెప్పింది. గర్వంగా ఉంది. భయంగానూ ఉంది, అందుకే ఈ ఉత్తరం.

డీఎన్ఎస్ (మెషీన్ పేర్లకి అడ్రస్‌లు చెప్పేది) రెండు వైపులా పలకాలి, గడియారాల తేడా 5 నిమిషాలు దాటకూడదు. ఇవి నీకు తెలిసినవే.

నా బెంగంతా ఐడీ మ్యాపింగ్ మీదే, అంటే ఒక్కో విండోస్ యూజర్‌కి ఒక లినక్స్ నంబర్ కేటాయించడం మీదే. ట్రస్ట్ (మీ డొమైన్, అంటే మీ కంపెనీ యూజర్ ఖాతాల వ్యవస్థ, వాళ్ళ డొమైన్ యూజర్లని నమ్మే ఒప్పందం) కుదరగానే, కాన్ఫిగ్‌లో నువ్వేమీ రాయకపోయినా అవతలి యూజర్లు లాగిన్ అయిపోతారు. పనిచేస్తోంది కదా అని అందరూ అక్కడే ఆగిపోతారు. వాళ్ళ డొమైన్‌కి సొంత నంబర్ల రేంజ్ లేదు కనుక విన్‌బైండ్ (ఈ నంబర్లు ఇచ్చే సాంబా భాగం) వాళ్ళని డిఫాల్ట్ రేంజ్‌లో, వచ్చిన వరుసలో కూర్చోబెడుతుంది. ఇక్కడ 3017 అయినవాడు పక్క సర్వర్‌లో 3042 కావచ్చు. ఫైళ్ళని నంబర్లతో సహా అక్కడికి కాపీ చేశావో, అవి ఇంకెవరి సొత్తో అయిపోతాయి. ఎర్రర్ కూడా రాదు తల్లీ! తర్వాత మేలుకుని, ఆర్ఐడీకి (డొమైన్‌లో ఆ ఖాతా నంబర్) రేంజ్ మొదటి నంబర్ కలిపే ఆర్ఐడీ బ్యాకెండ్‌తో 2000000 నుంచి రేంజ్ రాస్తే, ఆర్ఐడీ 1105 ఉన్న అతను 2001105 అవుతాడు. డిస్క్ మీది ఫైళ్ళు మాత్రం 3017 దగ్గరే ఉండిపోతాయి. ఫైండ్‌తో వెతికి చౌన్ చేసినా (యజమానిని మార్చినా), ఏసీఎల్‌లలో (ఎవరికి ఏ అనుమతో రాసిన జాబితాల్లో) ఉన్న పాత నంబర్లు మారవు. వాటిని విడిగా దిద్దాలి.

అందుకని ట్రస్ట్‌కి ముందే రాసెయ్: డిఫాల్ట్‌కి 3000-7999, మీ డొమైన్‌కి 10000-999999, వాళ్ళకి 2000000-2999999. ఒకదానిమీద ఒకటి ఎక్కకూడదు, కాన్ఫిగ్‌ని తనిఖీ చేసే టెస్ట్‌పార్మ్ నడిపి చూసుకో. మీ డొమైన్‌కి ఇప్పటికే వేరే రేంజ్ ఉంటే అందం కోసం దాన్ని కదిపావంటే ఊరుకోను. డొమైన్ పేరు లేకుండా లాగిన్ అయ్యే సౌకర్యం కూడా పెట్టకు. ఒకే యూజర్‌నేమ్ రెండు వైపులా ఉండొచ్చు.

షేర్‌ని 'ఆథెంటికేటెడ్ యూజర్స్'కి (లాగిన్ అయిన వాళ్ళందరికీ) ఇవ్వకు. ట్రస్ట్‌లో సెలెక్టివ్ ఆథెంటికేషన్ (ఎంచుకున్న వాళ్ళనే రానిచ్చే పద్ధతి) పెట్టకపోతే అవతలి వాళ్ళంతా అందులోకే వస్తారు. మీ డొమైన్‌లో డొమైన్ లోకల్ గ్రూప్ (బయటి డొమైన్ వాళ్ళనీ చేర్చుకోగలది) ఒకటి చేసి, వాళ్ళ గ్లోబల్ గ్రూప్‌ని (వాళ్ళ డొమైన్ వాళ్ళే ఉండేది) అందులో పెట్టి, అనుమతి ఆ లోకల్ గ్రూప్‌కొక్కదానికే ఇవ్వు. జీతాల ఫైళ్ళు వేరే సర్వర్‌లో ఉంటే, అక్కడ ట్రస్టెడ్ డొమైన్ల సెట్టింగ్ 'నో' చేసెయ్.

చివర్లో, రావాల్సిన వాడితోపాటు రాకూడని అవతలి యూజర్‌తో కూడా పరీక్షించు. గ్రూప్ మార్చాక లాగాఫ్ అయి మళ్ళీ వస్తేనే కొత్త టోకెన్ (ఏయే గ్రూపుల్లో ఉన్నాడో చెప్పే చీటీ) వస్తుంది. ఆ రెండోవాడికి యాక్సెస్ డినైడ్ కనబడేదాకా అందరికీ మెయిల్ పెట్టకు. అన్నం మానేసి కూర్చోకు. ఎక్కడైనా ఆగితే అర్ధరాత్రయినా ఫోన్ చెయ్.

మీ మామయ్య