13 లక్షల 60 వేల ‘గ్రీన్’ కొటేషన్‌లో పచ్చదనం ఎంత?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. ప్రైవేటు ఉద్యోగం, చేతికి 85 వేలు వస్తాయి, ఇంటి ఖర్చు 52 వేలు. వనస్థలిపురంలో 200 గజాల్లో 2003లో కట్టుకున్న జీ ప్లస్ వన్ ఇల్లు ఉంది. కింద మేం ఉంటాం, పై పోర్షన్ 14 వేలకు అద్దెకిచ్చాం. కరెంటు మీటరు మా నాన్నగారి పేరు మీదే ఉంది. ఆయన లేరు. ఇంటిని ‘గ్రీన్ రీమోడలింగ్’ చేయిద్దామని ఒక కాంట్రాక్టర్‌ని పిలిస్తే 13 లక్షల 60 వేలకు కొటేషన్ ఇచ్చాడు. డాబా మీద పెంట్‌హౌస్ గది వేస్తే మరో 6 లక్షలట. కూల్ రూఫ్ (డాబాకి ఎండను తిప్పికొట్టే తెల్ల పెయింటు) ఇప్పుడు తప్పనిసరి అనీ, గ్రీన్ సర్టిఫికెట్ వస్తే ఇంటి ధర 20 లక్షలు పెరుగుతుందనీ అంటున్నాడు. ఎఫ్‌డీలు 8 లక్షలున్నాయి. బాబు బీటెక్ ఫైనలియర్. పీఎఫ్ తీయాలా, 9.5 శాతానికి బ్యాంకు ఇస్తానన్న 10 లక్షల టాపప్ లోన్ తీసుకోవాలా?

జవాబు: రెండూ వద్దు. కొటేషన్ ఫొటో పంపి మంచి పని చేశారు. అది చూడకపోతే నేనూ లోన్ లెక్కలు వేస్తూ కూర్చునేవాణ్ణి.

మొదటి పేజీలో ఆకుపచ్చ ఆకు బొమ్మ ఉంది. రెండో పేజీలో ఎలివేషన్‌కి అల్యూమినియం ప్యానెళ్లు 2 లక్షల 40 వేలు, ఫాల్స్ సీలింగ్ 1 లక్షా 60 వేలు, మాడ్యులర్ కిచెన్ 2 లక్షల 90 వేలు, యూపీవీసీ కిటికీలు 2 లక్షల 60 వేలు, ‘సర్టిఫికేషన్’ 60 వేలు ఉన్నాయి. వీటిని తీసేస్తే సోలార్, డాబా వాటర్‌ప్రూఫింగ్, కూల్ రూఫ్ పెయింటు, ఇంకుడు గుంత, తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ ఫ్యాన్లు మిగులుతాయి. అన్నీ కలిపి మూడున్నర లక్షలు. కరెంటునో, నీళ్లనో, ఇంటి స్లాబునో కాపాడేది ఇదొక్కటే. మిగతాది ముస్తాబు. ముస్తాబు చేసుకోకూడదని కాదు, దాన్ని అప్పు చేసి చేసుకోవద్దంటున్నాను.

ముందు ఆ 20 లక్షల సంగతి తేల్చేద్దాం. ఇరవై ఏళ్లు దాటిన జీ ప్లస్ వన్ ఇంటిని మన దగ్గర కొనేవాడు వచ్చి అడిగే మొదటి ప్రశ్న ‘గజం ఎంత?’ అని. రెండోది రోడ్డు ఎన్ని అడుగులని. కట్టడానికి అతను వేసే విలువ తక్కువ, చాలాసార్లు కూల్చేసి కట్టుకునే ఆలోచనతోనే వస్తాడు. ఎలివేషన్ ప్యానెళ్లు చూసి గజం ధర పెంచిన కొనుగోలుదారుణ్ణి ఇంతవరకూ నేను చూడలేదు. గ్రీన్ రేటింగ్‌కి విలువ లేదనడం లేదు. ఆ రేటింగ్ ఇచ్చే ఐజీబీసీ (ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్) ప్రధాన కార్యాలయం ఉన్నది మన హైదరాబాద్ కొత్తగూడలోనే. ఆ భవనం 2003లో అమెరికా వాళ్ల గ్రీన్ రేటింగ్ ‘లీడ్’లో అన్నిటికన్నా పైదైన ప్లాటినం అందుకుంది, అమెరికా బయట అదే మొదటిది. కానీ రేటింగ్ కావాలంటే ప్రాజెక్టును ఆ సంస్థలో నమోదు చేసి, ఇల్లంతటికీ పత్రాలు చూపించాలి. కాంట్రాక్టర్ లెటర్‌హెడ్ మీద వచ్చే కాగితానికి 60 వేలు దండగ.

కూల్ రూఫ్ మీకు తప్పనిసరి కాదు. తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ 2023 ఏప్రిల్‌లో వచ్చింది. అందులో నివాస భవనాలకు తప్పనిసరి చేసింది 600 గజాలు, ఆపై స్థలాల్లోనే. 200 గజాలకు మీ ఇష్టం. అయినా వేయించమనే చెబుతాను, కారణం వేరే.

మీరు ఉండేది కింద, ఎండ పడే స్లాబు కింద ఉడికేది పైన అద్దెకున్నవాళ్లు. కాబట్టి ఆ తెల్ల పెయింటుతో మీ కరెంటు బిల్లు ఒక్క రూపాయి కూడా తగ్గదు. తగ్గేది వాళ్ల బిల్లు, వాళ్ల చికాకు. గత రెండేళ్లలో రెండుసార్లు పై పోర్షన్ మే నెలలోనే ఖాళీ అయిందని మీరే రాశారు. నెల ఖాళీగా ఉంటే 14 వేలు పోయినట్టే. పెయింటు ఖర్చు 28 వేలు, అంటే రెండు నెలల అద్దె. ఏప్రిల్ మధ్యాహ్నం మూడింటికి చెప్పులు లేకుండా ఆ డాబా మీద పది అడుగులు వేసి చూడండి, అద్దెవాళ్లు ఎందుకు పోతున్నారో అరికాళ్లకే తెలుస్తుంది. అద్దె మీద పన్ను లెక్కలో మున్సిపల్ పన్ను పోగా మిగిలిన దాంట్లో 30 శాతం ఎలాగూ మినహాయిస్తారు. మీరు రిపేర్లు చేయించినా, చేయించకపోయినా అంతే. అందుకని ఈ ఖర్చుకు విడిగా పన్ను లాభం చూసుకోవద్దు.

వరస మాత్రం తప్పొద్దు. ముందు వాటర్‌ప్రూఫింగ్, దాని మీద కూల్ పెయింటు, ఆఖర్న సోలార్ స్టాండ్లు. నా సొంత ఇంట్లో ఇది తలకిందులైంది. ప్యానెళ్లు బిగించే కుర్రాళ్లు స్లాబుకు డ్రిల్లు వేసి బోల్టులు దించి వెళ్లిపోయారు. జూన్‌లో మొదటి వానకే పూజ గదిలో క్యాలెండర్ తడిసి ముద్దయింది. పెట్టినవాడు ఫోన్ ఎత్తలేదు, బాగు చేయించడానికి 18 వేలయింది. స్లాబుకు చిల్లులు పడకుండా కాంక్రీటు దిమ్మెల మీద స్టాండు నిలబెట్టాలని కొటేషన్‌లోనే రాయించుకోండి.

ఇక కరెంటు. మీరు పంపిన బిల్లుల ప్రకారం మార్చి నుంచి జూన్ దాకా నెలకు 450 యూనిట్లు, మిగతా ఎనిమిది నెలలు 260 చొప్పున కాలుతున్నాయి. కాంట్రాక్టర్ నేరుగా 3 కిలోవాట్ల సోలార్ రాసేశాడు. నేనైతే ఫ్యాన్లతో మొదలుపెడతాను. పాత ఫ్యాను 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ ఫ్యాను 30 దాకా. రోజుకు 12 గంటలు తిరిగే ఐదు ఫ్యాన్లు మారిస్తే వేసవిలో నెలకు 80 యూనిట్లు మిగులుతాయి. మిగతా నెలల్లో 50 అనుకుందాం. మిగిలేవి బిల్లులో ఎక్కువ ధర పడే పై టారిఫ్ స్లాబులో యూనిట్లు. 2025-26 టారిఫ్‌లో 300 దాటితే యూనిట్ 9 రూపాయలు, 400 దాటితే 9.50. ఆ లెక్కన ఏడాదికి ఆరు వేలు మిగులుతుంది. ఐదు ఫ్యాన్ల ఖర్చు 17 వేలు, మూడేళ్ల లోపే తిరిగొస్తుంది. ఎఫ్‌డీ ఇచ్చే వడ్డీ దీని ముందు ఏపాటిది?

200 గీత దగ్గర ఒక తమాషా ఉంది. సరిగ్గా 200 యూనిట్లు కాలితే ఎనర్జీ ఛార్జీ 820 రూపాయలు. 201 కాలితే మొత్తం పై కేటగిరీలోకి వెళ్లి 1,027 రూపాయల 70 పైసలవుతుంది. ఒక్క యూనిట్‌కి 207 రూపాయలు! ఫ్యాన్లు మార్చాక వేసవి కాని నెలల్లో మీరు 210 దగ్గరికి వస్తారు. ఇంకో పది యూనిట్లు గీజర్ దగ్గర దొరుకుతాయి.

ఫ్యాన్ల తర్వాతే సోలార్. ఒక కిలోవాట్ రోజుకు సుమారు 4 యూనిట్లు, నెలకు 120 ఇస్తుంది. నీడ పడని జాగా వంద చదరపు అడుగులు కావాలి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు 30 వేల చొప్పున, మూడోదానికి 18 వేలు సబ్సిడీ ఇస్తారు. గరిష్ఠం 78 వేలు. మీ కొటేషన్‌లో 3 కిలోవాట్లకు 2 లక్షల 5 వేలు, 2 కిలోవాట్లకు 1 లక్షా 45 వేలు వేశారు. రెండైతే సబ్సిడీ పోను 85 వేలు. ఫ్యాన్లు మారాక మీకు మిగిలే బిల్లు మీద లెక్కేస్తే ఏడాదికి 15 వేలకు పైనే ఆదా అవుతుంది, ఆరేళ్ల లోపు పెట్టుబడి వచ్చేస్తుంది. ప్యానెళ్లకు సాధారణంగా 25 ఏళ్ల పనితీరు వారంటీ ఉంటుంది కానీ ఇన్వర్టర్‌ని మధ్యలో ఒకసారి మార్చాల్సి రావచ్చు. దుమ్ము తుడవకపోతే యూనిట్లు పడిపోతాయి. ఫిక్స్‌డ్ ఛార్జీలు ఎలాగూ తప్పవు.

మూడో కిలోవాట్ దగ్గర ఆగి ఆలోచించండి. మిగిలిన యూనిట్లు గ్రిడ్‌కి ఇస్తే, మీరు పై స్లాబులో కొనే ధర మీకు రాదు. రెండో ఏసీయో ఎలక్ట్రిక్ స్కూటరో కొనే ఆలోచన ఉంటే 3, లేకపోతే 2 చాలు. సబ్సిడీ కావాలంటే దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన డీసీఆర్ ప్యానెళ్లే వాడాలి, పెట్టేవాడు పథకంలో నమోదైన వెండర్ అయి ఉండాలి. మీ కొటేషన్‌లో ప్యానెళ్ల రకం రాయలేదు. జీఎస్టీ మాత్రం 12 శాతం వేశారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ పరికరాల మీద అది 5 శాతమే. సిమెంటుదీ అదే రోజు 28 నుంచి 18కి దిగింది. ఇది పాత కొటేషన్‌నే తేదీ మార్చి ఇచ్చినట్టుంది. తిప్పి పంపండి.

పెంట్‌హౌస్ వద్దే వద్దు. టైల్స్, రంగుల్లాంటి పనులకు ఎవరినీ అడగక్కర్లేదు కానీ డాబా మీద గది అంటే అనుమతి కావాలి. ‘ఎవరూ చూడరు సార్’ అన్న మాట నమ్మి వేస్తే ఆస్తి పన్నుతోపాటు జరిమానా కడుతూ ఉంటారు. రేపు అమ్మేటప్పుడు బ్యాంకు ప్లాన్ అడిగితే బేరం చెడుతుంది. ఎప్పటికైనా క్రమబద్ధీకరిస్తారులే అనుకోవద్దు, 2015 నాటి బీఆర్‌ఎస్ (భవనాల క్రమబద్ధీకరణ పథకం) దరఖాస్తులే ఏళ్ల తరబడి కోర్టులో నలిగాయి. పైగా డ్రాయింగ్‌లో ఆ గది దక్షిణం వైపు ఉంది. ప్యానెళ్లు పెట్టేది ఉత్తరం వైపు, అదీ దాని నీడలో! సోలార్‌నీ, దానికి నీడనీ ఒకే మనిషి అమ్ముతున్నాడు.

ఇంకుడు గుంతకు 35 వేలు పెట్టొచ్చు. మీ డాబా 1,100 చదరపు అడుగులు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఐదో వంతు పోయిందనుకున్నా 65 వేల లీటర్లు నేలలోకి దిగుతాయి, అంటే 13 ట్యాంకర్ల నీళ్లు. అన్నీ మీ బోరులోకే వస్తాయని చెప్పలేను, పక్కింటి బోరూ తాగుతుంది.

కిటికీలన్నీ మార్చక్కర్లేదు. పడమటి పడకగదివి రెండూ మార్చి, బయట వెదురు తడకలు వేలాడదీయండి.

డబ్బు సంగతి. 10 లక్షల టాపప్ ఆరేళ్లకు తీసుకుంటే నెలకు 18,275 రూపాయల ఈఎంఐ, మొత్తం వడ్డీ 3 లక్షల 16 వేలు దాకా. ఆఖరి కిస్తీ కట్టేసరికి మీకు 58 నిండుతాయి. ఇంటి రిపేర్ల లోన్ వడ్డీకి పన్ను మినహాయింపు మీరుండే ఇంటికైతే పాత విధానంలో ఏడాదికి 30 వేల దాకానే. మీరు కొత్త విధానంలో ఉన్నారు కాబట్టి అదీ లేదు. పీఎఫ్ 2024-25కి 8.25 శాతం ఇచ్చింది, దాన్ని ఫాల్స్ సీలింగ్‌లో పెట్టకండి. ఎఫ్‌డీల్లో ఆరు నెలల ఖర్చుకు 3 లక్షల 12 వేలు, బాబు ఫీజుకు లక్షన్నర పక్కన పెడితే 3 లక్షల 38 వేలు ఉంటాయి. పైన చెప్పిన పనులన్నీ అందులో అయిపోతాయి, సబ్సిడీ వచ్చాక దాన్ని మళ్లీ ఎఫ్‌డీలో వేసేయండి.

వంటగది మీ శ్రీమతి గారి కోరిక అన్నారు. ఇన్నేళ్లు అదే గట్టు ముందు నిలబడ్డారు, ఆ మాట కాదనను. నెలకు 20 వేలు రికరింగ్ డిపాజిట్ కడితే ఏడాదిన్నర లోపే 2 లక్షల 90 వేలు చేతికొస్తాయి. అప్పటికి బాబుకి ఉద్యోగం వస్తే ఇంకా ముందే.

ఈ వారం చేయాల్సిన పని ఒక్కటే. కరెంటు మీటరు పేరు మార్పుకు విద్యుత్ పంపిణీ సంస్థ టీజీఎస్‌పీడీసీఎల్‌లో దరఖాస్తు పెట్టండి. సబ్సిడీ పడేది కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్ల ఖాతాలోనే. ఫిబ్రవరిలో ఫ్యాన్లు, డాబా పని కానిచ్చి, ఏప్రిల్, మే బిల్లుల ఫొటోలు పంపండి. 2 కిలోవాట్లో 3 కిలోవాట్లో అప్పుడు చూద్దాం.