వెనక చక్రాలు ఎటు చూస్తున్నాయి?

విజయవాడ

అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

ఇంగ్లండు చలిలో, ఇంటి గ్యారేజీలో నీ చేతులతోనే కారు కడుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఫోటో చూశాను. గొట్టాల చట్రం, మాజ్డా ఎంఎక్స్-5 కారు హబ్బులు (చక్రాలు బిగించే భాగాలు), పాతకాలపు లోటస్ సెవెన్ స్పోర్ట్స్ కారు తీరు బాడీ. వెల్డింగు ముచ్చటగా ఉందిరా, గర్వంగా ఉంది. కానీ ‘వెనక అలైన్‌మెంట్ అయిపోయింది, 2 మి.మీ. టో-ఇన్ వచ్చింది’ అన్నావట. అంటే రెండు వెనక చక్రాల ముందు అంచుల మధ్య దూరం, వాటి వెనక అంచుల మధ్య దూరంకంటే 2 మి.మీ. తక్కువన్నమాట. ఆ మాట విన్నప్పటినుంచీ నాకు నిద్ర లేదు. ఆ రెండులో ఎడమ చక్రానిదెంత, కుడి చక్రానిదెంత?

చిన్నవి ముందు చెప్పేస్తాను. నాలుగు టైర్ల కింద నేల మట్టం నీళ్ల గొట్టంతో చూడు. తేడా ఉంటే రేకు ముక్కలు పెట్టు. దాదాపు 600 కిలోల కారుకి ఎంఎక్స్-5 పుస్తకంలోని 26 పీఎస్ఐ గాలి ఎక్కువ, 18-20 చాలు. సీట్లో నీ బరువంత ఇసుక బస్తాలు వెయ్యి. బండి ఎత్తు ముందే ఖాయం చేసుకో. సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు బుష్షుల బోల్టులు బండి నేల మీద నిలబడ్డాకే బిగించు. చక్రం వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి ఎత్తు తప్పు చూపిస్తుంది, తొందరగా చిరుగుతుంది కూడా.

ఇక నా భయం. రెండు చక్రాల ముందు అంచుల మధ్య, వెనక అంచుల మధ్య టేపు పట్టి తేడా తీస్తారు. నువ్వూ అదే చేసుంటావు. ఎడమ చక్రం 1 మి.మీ. బయటికి, కుడి చక్రం 3 మి.మీ. లోపలికి ఉన్నా ఆ టేపు రెండనే చెబుతుంది. నిజానికి రెండు చక్రాలూ ఎడమకే చూస్తున్నాయి, సగటున 2 మి.మీ. చొప్పున. 400 మి.మీ. రిమ్ము మీద అది 0.29 డిగ్రీ. ముందు, వెనక చక్రాల మధ్య దూరం, అంటే 2300 మి.మీ. వీల్‌బేస్ మీద బండి వెనక భాగం 11 మి.మీ. పైగా పక్కకి జరిగి, ఎండ్రకాయలా నడుస్తుంది. నేరుగా పోవడానికి స్టీరింగు ఎడమకి పట్టుకోవాలి. అప్పుడేం చేస్తారు? ముందు చక్రాలని స్టీరింగుకి కలిపే టై రాడ్లు తిప్పి స్టీరింగు నడిమికి తెస్తారు. జబ్బు లోపలే ఉండిపోతుంది, కనిపించే గుర్తు పోతుంది.

మీ దేశంలో రౌండబౌట్లు కుడికి తిరుగుతాయి. బరువంతా ఎడమ వెనక చక్రం మీద పడుతుంది, అది చూసేదేమో బయటికి. వానలో వెనక భాగం జారుతుంది. కంగారుపడి యాక్సిలరేటర్ వదిలావంటే వెనక బరువు ఇంకా తగ్గి బండి గిర్రున తిరుగుతుంది. తొందరపడ్డావని కోప్పడుతున్నది అందుకేరా నాన్నా. చిన్నప్పుడు సైకిలు చైను ఒక పక్కే బిగించి, చక్రం ఫోర్కుకి రాసుకుంటోందని ఏడ్చుకుంటూ వచ్చేవాడివి. ఇదీ అలాంటిదే.

కాబట్టి మళ్లీ కొలువు, ఈసారి చట్రం నడిమి గీత నుంచి. ఫైబర్ బాడీని నమ్మకు. ముందూ వెనకా, చక్రాన్ని చట్రానికి పట్టి ఉంచే విష్‌బోన్ బ్రాకెట్ల నుంచి తూకం గుండు వేలాడదీసి నేల మీద గుర్తులు పెట్టు. ఎడమ కుడి గుర్తుల మధ్య బిందువులు కలిపి సుద్ద గీత గియ్యి. ఎదురెదురు మూలల మధ్య కొలతలు రెండూ సమానంగా రావాలి. ఆ గీతకి రెండు పక్కలా సమాన దూరంలో, హబ్బు ఎత్తున దారాలు కట్టు. ముందు ట్రాకు (ఎడమ కుడి చక్రాల మధ్య దూరం), వెనక ట్రాకు వేరు గనక దారాన్ని చక్రాలకి ఆనించి సరిచూసుకోవద్దు. ఒక్కో రిమ్ము ముందు అంచు, వెనక అంచు దారానికి ఎంత దూరమో కొలువు. రిమ్ము వంకర లెక్కలోకి రాకుండా చక్రం అర చుట్టు తిప్పి మళ్లీ కొలిచి సగటు తియ్యి.

క్యాంబర్ (చక్రం నిలువులో వాలు) ముందు, టో తర్వాత. మొదటిది మారిస్తే రెండోది మారుతుంది. క్యాంబర్ మైనస్ 1 డిగ్రీ, అంటే రిమ్ము పై అంచు కింది అంచుకంటే 7 మి.మీ. లోపలికి. టో ఒక్కో పక్క 1 మి.మీ. లోపలికి. కింది విష్‌బోన్ రోజ్ జాయింట్ల (మర ఉన్న గుండ్రని కీళ్ల) మధ్య 300 మి.మీ. ఉండి, మర పిచ్ (ఒక చుట్టుకి జరిగే దూరం) 1.5 మి.మీ. అయితే, బండి లేపి, బోల్టు తీసి ఒక్క జాయింటుని అర చుట్టు తిప్పితే రిమ్ము దగ్గర 1 మి.మీ. మారుతుంది, క్యాంబర్ పెద్దగా చెదరదు. టైర్ల కింద గ్రీజు పూసిన రెండేసి పాలిథిన్ ముక్కలు వెయ్యి, లేకపోతే టైరు నేలని పట్టుకుని కొలత అబద్ధం చెబుతుంది. జాయింటు 16 మి.మీ. మర కనీసం 24 మి.మీ. లోపల ఉండాలి. లాక్ నట్టు బిగించాక మళ్లీ కొలువు, బిగింపులోనే జాయింటు తిరుగుతుంది.

చివరగా స్ప్రింగు తీసి, చక్రాన్ని జాకీతో 50 మి.మీ. పైకి లేపి చూడు. టో బయటికి పోతుంటే బ్రాకెట్ ఎత్తు మార్చాల్సిందే, ఎంత పనైనా సరే.

అయ్యాక కొలతలు నాకు పంపు. కుడిది వేరుగా, ఎడమది వేరుగా రాయి. మొత్తం రెండు అని మాత్రం రాయకు. అవి నా దగ్గరికి వచ్చేదాకా వానలో బండి బయటికి తియ్యనని అమ్మకి మాటివ్వు.

మీ మావయ్య