బిల్లు రద్దు చేసినంత మాత్రాన మీరు వినియోగదారు కాకుండా పోరు

ప్రశ్న: మాది అనంతపురం. పదేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాం. 2024 ఆగస్టు 18, ఆదివారం, మా అత్తగారి అరవయ్యో పుట్టినరోజని ఇంటిల్లిపాదీ ఒక ఫ్యామిలీ స్టేక్‌హౌస్‌కి వెళ్లాం. మేము చెప్పిన చికెన్ స్టేక్ సిజ్లర్‌ను (బాగా వేడెక్కించిన ఇనుప పళ్లెంలో వడ్డించే వంటకం) వెయిటర్ మా ఆరేళ్ల బాబు తల మీదుగా అందించబోతుండగా పళ్లెం జారి బాబు ముంజేతి మీద పడింది. చర్మం కాలి బొబ్బలెక్కింది, మచ్చ ఇప్పటికీ ఉంది. మేనేజర్ బిల్లు కట్టవద్దన్నాడు, ఆ రోజు ఆసుపత్రి ఖర్చు తనే చెల్లించాడు. పరిహారం సంగతి యాజమాన్యంతో మాట్లాడతానని ఇన్నాళ్లూ తిప్పించుకున్నాడు. ఇప్పుడు వాళ్ల లాయరు నుంచి ఉత్తరం వచ్చింది: ‘మీరు రూపాయి కూడా చెల్లించలేదు కాబట్టి వినియోగదారులే కారు, పైగా బాబే లేచి చెయ్యి చాపాడు’ అని. అదే హోటల్ అకౌంట్స్ విభాగంలో మా తమ్ముడి స్నేహితుడు ఉన్నాడు, ఆ తేదీతో బిల్లు ముద్రించి ఇస్తానంటున్నాడు. తీసుకోమంటారా? మాకు న్యాయం జరుగుతుందా? – ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మూడు పేజీలు మేనేజర్ మాట్లాడిన తీరు గురించి, పక్కన నిలబడి నవ్విన సిబ్బంది గురించి, మీ అత్తగారు ఆ రాత్రంతా ఏడ్చిన సంగతి గురించి రాశారు. అవన్నీ జరిగే ఉంటాయి. కానీ కేసు వాటి మీద గెలవదు, వాటి మీద ఓడదు. మీ కేసును తేల్చే వాక్యం అవతలి లాయరు రాసిన మొదటి వాక్యమే. దాన్ని మీరు ‘పనికిమాలిన వాదన’ అని ఒక్క ముక్కలో కొట్టిపారేశారు. అది పనికిమాలిన వాదన కాదు. దానికి సరైన జవాబు చెప్పలేకపోతే బాబు చేతి మీది మచ్చను వినియోగదారుల కమిషన్ చూసే అవకాశమే రాదు, ఫిర్యాదు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 2(7) సెక్షన్ ప్రకారం ప్రతిఫలం, అంటే ధర, ఇచ్చి సేవ పొందినవారే వినియోగదారులు. 2(42) సెక్షన్ ఉచితంగా అందించే సేవను ‘సేవ’ అనే నిర్వచనం నుంచే తప్పించింది. అవతలివారు పట్టుకున్న కొస ఇదే. అయితే 2(7)లోని మాటలను పూర్తిగా చదవాలి: ప్రతిఫలం చెల్లించి ఉండవచ్చు, చెల్లిస్తామని మాట ఇచ్చి ఉండవచ్చు, కొంత చెల్లించి మిగతాది చెల్లిస్తామని మాట ఇచ్చి ఉండవచ్చు. ఈ మూడింటిలో ఏది ఉన్నా చాలు. ధరలు ముద్రించిన మెనూ చేతికిచ్చి, మీరు చెప్పిన పదార్థాలను వెయిటర్ రాసుకుని వంటగదికి పంపిన క్షణానే ఆ ధర చెల్లిస్తామన్న మాట మీ నుంచి వెళ్లిపోయింది. పళ్లెం బాబు చేతి మీద పడేటప్పటికి ఆ మాట అమలులోనే ఉంది. మేనేజర్ బిల్లు వద్దన్నది ఆ తర్వాత, మీరు బాబును ఎత్తుకుని బయటికి పరుగెత్తేటప్పుడు. సేవాలోపం జరిగిన క్షణంలో మీరు వినియోగదారు. తర్వాత ఎవరో చూపిన ఉదారత వెనక్కి నడిచి వెళ్లి ఆ హోదాను తుడిచేయలేదు.

ఈ వాదనకు ఇంకొక బలమైన ఆధారం భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 63వ సెక్షన్. తనకు రావలసినదాన్ని పూర్తిగానో కొంతగానో వదులుకునే హక్కు అవతలి పక్షానికి ఉంటుందని అది చెబుతుంది. వదులుకోవాలంటే ముందు రావలసినది ఒకటి ఉండాలి కదా. బిల్లు రద్దు చేశామని హోటల్‌వారే ఒప్పుకుంటున్నారంటే, రద్దు చేయడానికి ఒక బిల్లు ఉందని ఒప్పుకుంటున్నట్టే. మేనేజర్ మీకు పంపిన వాట్సాప్ సందేశంలో ‘మర్యాదపూర్వకంగా బిల్లు మాఫీ చేశాం’ అని ఉందని రాశారు. మీ చేతిలో ఉన్న కాగితాలన్నిటిలోకీ విలువైనది అదే. దాన్ని మీ ఫోన్లో ఉన్నది ఉన్నట్టుగా ఉంచండి, ఒక్క అక్షరం చెరపవద్దు.

మూడో పేజీ చివర మీరు ఏమరుపాటుగా రాసిన మరో మాట ఉంది: ఆదివారం రద్దీ కాబట్టి ముందురోజే యాప్ ద్వారా వెయ్యి రూపాయలు కట్టి టేబుల్ బుక్ చేశామని, దాన్ని బిల్లులో తగ్గిస్తామన్నారని. ఆ వాక్యాన్ని మీరు మొదటి పేజీలో రాయవలసింది. ఆ వెయ్యి మీకు తిరిగి వచ్చిందా? మీ వారి బ్యాంకు ఖాతా వివరాల్లో 2024 ఆగస్టు, సెప్టెంబరు నెలలు తీసి చూడండి. రాకపోతే ‘రూపాయి కూడా చెల్లించలేదు’ అన్న వాదన అక్కడితో కూలిపోతుంది. తిరిగి వచ్చినా నష్టం లేదు, ముందురోజు చెల్లింపు జరిగిందన్న సాక్ష్యం బ్యాంకు పుస్తకంలో చెక్కుచెదరకుండా ఉంటుంది. బ్యాంకు ముద్ర వేసిన ప్రతిని ఈ వారంలోనే తీసుకోండి.

బాబు డబ్బు కట్టలేదు కదా అన్న సందేహం వద్దు. చెల్లించినవారి ఆమోదంతో సేవను అనుభవించే వ్యక్తి కూడా వినియోగదారే అని చట్టమే చెబుతోంది. 1998లో స్ప్రింగ్ మెడోస్ ఆసుపత్రి కేసులో సుప్రీంకోర్టు చికిత్స పొందిన పిల్లవాడినీ, అతని కోసం సేవను తీసుకున్న తల్లిదండ్రులనూ ఇద్దరినీ వినియోగదారులుగా గుర్తించి, వారికి విడివిడిగా పరిహారం ఇచ్చిన తీర్పును సమర్థించింది. కాబట్టి ఫిర్యాదులో మొదటి ఫిర్యాదుదారు మీ బాబు, సహజ సంరక్షకులుగా తల్లిదండ్రుల ద్వారా. రెండో, మూడో ఫిర్యాదుదారులు మీరిద్దరు. చాలామంది పిల్లల పేరు వదిలేసి తమ పేరుతోనే వేస్తారు. దానివల్ల బాబు శరీరానికి కలిగిన నష్టానికి విడిగా అడగవలసిన పరిహారం చిక్కుల్లో పడుతుంది.

ఇక బాబే చెయ్యి చాపాడన్న వాదన. సిజ్లర్ పళ్లెం ఎలాంటిదో ఒకసారి గుర్తు చేసుకోండి. పొయ్యి మీద బాగా వేడెక్కించిన పోత ఇనుప పళ్లెం, కింద చెక్క పీట, పైన వెన్న, సాస్ పోయగానే చిటపటలాడుతూ పొగ లేస్తుంది. పొగ, చప్పుడు కనిపించాలనే దాన్ని అలా తెస్తారు. అది చెక్క పీట మీద సరిగ్గా కూర్చోకపోతే జారుతుందని వంటగదిలో కొత్తగా చేరిన కుర్రాడికి కూడా తెలుసు. అలాంటి వస్తువును ఆరేళ్ల పిల్లవాడి తల మీదుగా అందించడం ఎవరి నిర్ణయం? పిల్లవాడిది కాదు. చిన్నపిల్లలకు ఎత్తు కుర్చీలు, బొమ్మలు వేసుకునే కాగితం, రంగు పెన్సిళ్లు ఇచ్చి ‘కుటుంబ సమేతంగా రండి’ అని పిలిచే చోట పిల్లలు కదులుతారని, చెయ్యి చాపుతారని ముందే ఊహించి జాగ్రత్త పడవలసిన బాధ్యత పిలిచినవారిది. పళ్లెం పూర్తిగా వెయిటర్ చేతిలో, అంటే హోటల్ అదుపులో ఉంది కాబట్టి జాగ్రత్త తీసుకున్నామని చూపించవలసిన భారం వారి మీదికి వెళుతుందని మీ ఫిర్యాదులో స్పష్టంగా రాయించండి. మెనూ అడుగున ‘వేడి పళ్లేలు, అతిథుల బాధ్యత’ అని ఉందని భయపడ్డారు. అలాంటి అచ్చు వాక్యాలు నిర్లక్ష్యాన్ని కప్పిపుచ్చవు. హోటల్‌లో సిబ్బందికి అప్పగించిన కారు పోయిన కేసులో ‘యజమాని బాధ్యత’ అని చీటీ మీద ముద్రించినంత మాత్రాన హోటల్ తన నిర్లక్ష్యం నుంచి తప్పించుకోలేదని 2019 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

ఇప్పుడు నేను కాస్త కఠినంగా మాట్లాడవలసి ఉంది. వినియోగదారుల రక్షణ చట్టంలోని 69వ సెక్షన్ ప్రకారం వివాదానికి కారణం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. మీకు కారణం తలెత్తింది 2024 ఆగస్టు 18న. ‘యాజమాన్యంతో మాట్లాడుతున్నాం’ అన్న వాట్సాప్ సందేశాలను నమ్ముకుని మీరు దాదాపు గడువంతా గడిపేశారు. అవతలివారు జవాబులు ఇస్తున్నంత కాలం గడియారం ఆగి ఉంటుందని మీరు అనుకున్నారు. ఆగదు. 2009లో కందిమళ్ల రాఘవయ్య అండ్ కంపెనీ కేసులో పొగాకు గోదాము తగలబడిన వ్యాపారులకు ఎదురైనది ఇదే. ప్రమాదం జరిగిన నాటి నుంచే గడువు లెక్క మొదలవుతుందని, ఆ తర్వాత నడిచిన ఉత్తరాలూ నోటీసులూ దాన్ని పొడిగించవని సుప్రీంకోర్టు తేల్చింది. అవతలి లాయరు ఉత్తరం ఇప్పుడు వచ్చింది కాబట్టి ఇప్పటినుంచి లెక్క అని ఎవరైనా చెబితే వినవద్దు. బాబు మైనరు కాబట్టి గడువు వర్తించదన్న వాదన మీద కూడా ఆధారపడవద్దు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది, కానీ చేతిలో రోజులు ఉండగా వాటిని పోగొట్టుకుని మన్నింపు అడుక్కునే స్థితి ఎందుకు? రెండేళ్లు నిండేది 2026 ఆగస్టు 18 నాటికి. దానికి ముందు ఆగస్టు 15 శనివారం, 16 ఆదివారం, రెండూ సెలవులే. చివరి రోజుల్లో ఫిర్యాదు దాఖలు చేసే ఆన్‌లైన్ పోర్టల్ మొరాయిస్తే అడిగే దిక్కు ఉండదు. మీ ఫిర్యాదు జులైలోనే దాఖలు కావాలి.

సాక్ష్యాల విషయంలోనూ మీ అజాగ్రత్త తక్కువది కాదు. బాబు చెయ్యి తాజాగా కాలినప్పటి ఫొటోలు ఉన్న ఫోన్‌ను కొత్త ఫోన్ కోసం దుకాణంలో ఇచ్చేశారు. సీసీ కెమెరా దృశ్యాలు భద్రపరచమని మొదటి వారంలో రాతపూర్వకంగా ఒక్క ముక్క రాయలేదు. కెమెరా పెట్టెలో పాత దృశ్యాల మీద కొత్తవి ఎక్కుతూ పోతాయి, ఇప్పుడు అవి దొరుకుతాయని నేను భరోసా ఇవ్వలేను. అయినా అడగండి. ఫొటోల నకళ్లు మీ ఈమెయిల్ ఖాతాకు అనుసంధానమైన గూగుల్ ఫొటోస్‌లోనూ, ఆ రాత్రి బంధువులకు పంపిన సందేశాల్లోనూ వెతకండి. మీ తోడికోడలు ఫోన్లో ఉన్నా పనికొస్తాయి. అలాంటి నకలుకు భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి.

ఫొటోల కన్నా ముందు ఆసుపత్రికి వెళ్లండి. కాలిన గాయంతో వచ్చిన పిల్లవాడి కేస్‌షీట్‌లో మొదటి డాక్టరు ‘ఎలా జరిగింది’ అన్నచోట రాసిన ఒకటి రెండు వాక్యాలు ఏ సాక్షి మాట కన్నా బరువైనవి, ఎందుకంటే అవి పరిహారం ఆలోచన ఎవరికీ లేని గంటలో రాసినవి. మెడికో లీగల్ కేసుగా (పోలీసులకు తెలియజేయవలసిన గాయంగా) నమోదు చేసి ఉంటే ఆ రిజిస్టరు నకలు కూడా అడగండి. 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డులను మూడేళ్లు ఉంచాలి, అడిగిన 72 గంటల్లో నకలు ఇవ్వాలి. బాబును ఆ రాత్రి అడ్మిట్ చేసి ఉంచారని రాశారు కాబట్టి మీకింకా సమయం ఉంది, కానీ ఎక్కువ లేదు. ఆ రోజు ఖర్చు హోటల్ తరఫున చెల్లించినట్టు రసీదులో కనిపిస్తే, ప్రమాదం తమ ఆవరణలో జరగలేదని వారు ఇక చెప్పలేరు.

మీ తమ్ముడి స్నేహితుడు ముద్రించి ఇస్తానన్న బిల్లును తాకవద్దు. ఆ ఆలోచనను ఇంట్లో మళ్లీ ఎత్తనివ్వవద్దు. ఇది మీకు చిన్న సర్దుబాటులా అనిపిస్తున్నది, నిజంగానే తిన్నాం కదా, నిజంగానే బిల్లు ఉంది కదా అని. కానీ అప్పుడు చెల్లించని బిల్లును చెల్లించినట్టు ఇప్పుడు పుట్టించడం దొంగ పత్రం. జీఎస్టీ బిల్లులకు వరుస సంఖ్యలు ఉంటాయి. ఆ రోజు నంబర్ల మధ్య మీది ఇమడదు, ఇమిడ్చినా కంప్యూటర్లో ముద్రించిన తేదీ బయటపడుతుంది. కమిషన్ ముందు జరిగేది న్యాయ విచారణగానే పరిగణన పొందుతుందని వినియోగదారుల రక్షణ చట్టంలోని 38వ సెక్షన్ చెబుతోంది. న్యాయ విచారణలో దొంగ సాక్ష్యం పెడితే భారతీయ న్యాయ సంహిత, 2023లోని 229వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు. ఆ కుర్రాడి ఉద్యోగం పోతుంది, మీ తమ్ముడు నిందితుడవుతాడు. అన్నిటికీ మించి, నిజమైన గాయంతో వచ్చిన మీ బాబు కేసు దొంగ కేసుగా మిగిలిపోతుంది. మీకు ఆ బిల్లు అవసరమే లేదు. చెల్లించకపోయినా మీరు వినియోగదారేనన్నదే మీ బలం, చెల్లించామని అబద్ధమాడితే ఆ బలాన్ని మీ చేత్తో మీరే నరుక్కున్నట్టు.

చేయవలసినది ఇదీ. ఈ వారంలో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. బోర్డు మీద కనిపించే పేరుకు కాదు, ఆ హోటల్ ఆహార లైసెన్సు ఎవరి పేరున ఉందో వారికి పంపాలి. హోటల్లో గోడకు తగిలించి ఉండే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) సంఖ్యను రాసుకొస్తే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వెబ్‌సైటులోనే లైసెన్సుదారు పేరు దొరుకుతుంది. నోటీసులో మీ టేబుల్ నంబరు, సమయం చెప్పి ఆ రాత్రి కిచెన్ ఆర్డర్ టికెట్టును (వంటగదికి పంపిన ఆర్డరు చీటీని), రద్దు చేసిన బిల్లును, సీసీ కెమెరా దృశ్యాలను, వెయిటర్ పేరును అడగండి. వారు ఇవ్వరు. ఇవ్వకపోవడం కూడా మీకు పనికొస్తుంది, ఎందుకంటే చేతిలో ఉన్న పత్రాన్ని దాచినవారి మీద అది వారికి వ్యతిరేకంగా ఉంటుందని ఊహించే వీలు సాక్ష్య చట్టంలో ఉంది. జవాబు కోసం పదిహేను రోజులకు మించి ఆగవద్దు.

ఫిర్యాదు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో. మీరు నివసించే చోటే వేయవచ్చు, ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. ఏ కమిషన్, ఎంత ఫీజు అన్నది మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాక సేవకు చెల్లించవలసిన ప్రతిఫలాన్ని బట్టి ఉంటుంది. అది 5 లక్షలు దాటనంత వరకు ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు, అయితే మీ కేసులో ప్రతిఫలం గురించిన వాదన ఉంది కాబట్టి ఒకరిని పెట్టుకోవడమే మంచిది. మీ అత్తగారు, ఆ రోజు మీతో ఉన్న తోడికోడలు తాము కళ్లారా చూసినది మాత్రమే చెబుతూ ప్రమాణ పత్రాలు ఇవ్వాలి. సిబ్బంది నవ్వారన్న సంగతి వాటిలో వద్దు, వెయిటర్ ఏ వైపు నుంచి వచ్చాడో, పళ్లెం ఏ చేతిలో ఉందో, బాబు కూర్చునే ఉన్నాడో లేచాడో కావాలి. పరిహారం పాతిక లక్షలు అడగమని ఎవరో చెప్పారట. ఇప్పటిదాకా అయిన ఖర్చు రసీదులతో, మచ్చకు ఇకముందు చికిత్స అవసరమా, ఎంతవుతుంది అన్నది ప్లాస్టిక్ సర్జన్ రాసిచ్చిన అంచనాతో, ఆ పైన బాధకు విడిగా ఒక సబబైన మొత్తంతో అడగండి. సర్జన్ దగ్గరికి బాబును ఈ శనివారమే తీసుకెళ్లండి. ఆయన రాసే కాగితంలో మచ్చ పొడవు, వెడల్పు సెంటీమీటర్లలో ఉండేలా, చర్మం ముడుచుకుని మణికట్టు కదలిక తగ్గిందో లేదో స్పష్టంగా ఉండేలా అడిగి రాయించుకోండి.