పుట్టుమచ్చ అనుకున్నది పిడుదు

ప్రశ్న: డాక్టర్ గారూ, పోయిన ఆదివారం మధ్యాహ్నం ఊరి బయట పొలం గట్ల మీద, చెట్ల కింద గడ్డిలో పిల్లలతో చాలాసేపు తిరిగాం. రాత్రి స్నానం చేయిస్తుంటే మా తొమ్మిదేళ్ళ బాబు మోకాలి వెనక గసగసం గింజంత నల్లటి చుక్క కనిపించింది. పుట్టుమచ్చ కాబోలు అనుకున్నా. సోమవారం సాయంత్రం చూస్తే కాస్త ఉబ్బి ఉంది, కాళ్ళున్నాయి! నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అత్తగారు కిరోసిన్ రాయమన్నారు, మావారు అగరొత్తితో చురక పెట్టమన్నారు. అవేవీ చేయకుండా గోళ్ళతో లాగేశాను. ముల్లులాంటి ముక్క లోపలే ఉండిపోయింది. మంగళవారానికి అక్కడ బఠాణీ గింజంత దద్దురు లేచింది, ఒకటే దురద. ఫోన్‌లో వెతికితే పిడుదు కాటుతో వచ్చే లైమ్ వ్యాధి అని వచ్చింది. అప్పట్నుంచీ టెన్షన్‌తో నిద్ర లేదు. రక్తపరీక్ష చేయించాలా? యాంటీబయాటిక్ వేయాలా?
— ఒక అమ్మ

జవాబు: ముందు ఆ దద్దురు సంగతి చూద్దాం. కుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే లేచి, దురద పెట్టి, చిన్నగానే ఉండిపోయేది పిడుదు లాలాజలం పడక వచ్చేది. దోమ కుడితే వచ్చే దద్దురులాంటిదే. లైమ్ వ్యాధిలో వచ్చే మచ్చ అంత తొందరపడదు. 3 నుంచి 30 రోజుల మధ్య ఎప్పుడైనా రావచ్చు, ఎక్కువమందిలో వారం రోజులకు మొదలవుతుంది. రోజురోజుకీ పాకుతూ 5 సెంటీమీటర్లు దాటుతుంది, అరచేయంత కూడా కావచ్చు. సాధారణంగా నొప్పి ఉండదు, దురదా పెద్దగా ఉండదు. అందుకే వీపు మీదో, తొడ వెనకో వస్తే చాలామంది చూసుకోరు.

మీరు ఫోన్‌లో చూసిన బొమ్మ నాకు తెలుసు. తెల్లటి చర్మం మీద, బాణాలు వేసే గురిబల్లలా ఎర్రటి వలయాలు. వలయాలు లేకుండా ఒకే రంగులో పరుచుకునే మచ్చలే ఎక్కువ. మనలాంటి చామనఛాయ చర్మం మీద అది ఎర్రగా కాక గోధుమ రంగులోనో, కమిలినట్టో కనిపించవచ్చు. బొమ్మతో పోల్చుకుని ‘ఇది అది కాదులే’ అనుకుంటే మోసపోతాం. ఇప్పుడున్న దద్దురు చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీయండి. రోజూ ఒకే వేళకు, పక్కన ఒక నాణెం పెట్టి ఫొటో తీయండి. గీత దాటి పాకితే అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ఇక పిడుదు ఎన్ని గంటలు అంటుకుని ఉందన్న లెక్క. లైమ్‌కు కారణమైన బొరేలియా బ్యాక్టీరియా పిడుదు పొట్టలో ఉంటుంది, నోట్లో కాదు. వేడి రక్తం లోపలికి వెళ్ళాకే అది పెరిగి, లాలాజల గ్రంథులకు చేరి, అక్కడి నుంచి మనలోకి వస్తుంది. అమెరికాలో లైమ్‌ను మోసే నల్లకాళ్ళ పిడుదుకు ఇందుకు సాధారణంగా 24 గంటలకు పైగా పడుతుంది, చాలాసార్లు 36 గంటలు కూడా. యూరప్ జాతిలో ఇంకాస్త ముందే జరగవచ్చు. మీ బాబు ఒంటిమీద అది ఉన్నది ఇంచుమించు ఒక రోజు. నిండా తాగిన పిడుదు బూడిదరంగుకు తిరిగి ఆముదం గింజలా అవుతుంది. యూరప్ పిడుదు శాస్త్రీయ నామంలోని ‘రిసినస్’ అనే మాటే ఆముదం చెట్టుకూ ఉంది! మీరు చూసింది అంతవరకూ రాలేదు.

కిరోసిన్, చురక వద్దనేది ఇందుకే. కంగారుపడ్డ పిడుదు పొట్టలోది మనలోకి కక్కే అవకాశం ఉంది. ఆ రెండూ మానేసి మంచి పని చేశారు. గోళ్ళ విషయంలో మిమ్మల్ని ఏమీ అనలేను. ఒకసారి నా నడుము దగ్గర లంగా బొందు కింద ఒకటి దొరికితే, డాక్టర్నై ఉండి నేనూ గోళ్ళతోనే పీకాను. సన్నమొన ఉన్న ప్లక్కర్‌తో, చర్మానికి ఆనించి పట్టుకుని, తిప్పకుండా నిలువుగా నెమ్మదిగా లాగాలి. లోపల మిగిలింది నోటి ముక్క. అది వ్యాధిని తేదు. సూదితో కెలకకండి, ముల్లులా ఒళ్ళే బయటికి నెట్టేస్తుంది.

మీరు ఏ ప్రాంతంలో తిరిగారో రాయలేదు. నిజానికి అన్నిటికన్నా ముందు అడగాల్సింది అదే. అన్ని పిడుదులూ లైమ్‌ను మోయవు. అమెరికా ఈశాన్య రాష్ట్రాలు, మిన్నెసోటా, విస్కాన్సిన్ వైపు, యూరప్‌లో చాలా చోట్ల ఈ భయం నిజమైనదే. ఆ పేరు వచ్చింది కనెక్టికట్ రాష్ట్రంలోని లైమ్ అనే ఊరి వల్ల. 1970లలో అక్కడ పిల్లలకు వరసగా మోకాళ్ళు వాస్తుంటే, ఇది మామూలు కీళ్ళవాతం కాదని పట్టుబట్టింది తల్లులే. కారణమైన బ్యాక్టీరియాను విల్లీ బర్గ్‌డార్ఫర్ అనే శాస్త్రవేత్త గుర్తించిన సంగతి 1982లో వెలువడింది.

రక్తపరీక్ష ఇప్పుడు దండగ. అది వెతికేది మన ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను, వాటికి వారాలు పడుతుంది. ఇవాళ నెగెటివ్ వస్తే లేనిపోని ధైర్యం తప్ప ఒరిగేదేమీ లేదు. పాకే మచ్చ కనబడితే పరీక్ష కోసం ఆగకుండానే మందు మొదలుపెడతారు. రెండు వారాల డాక్సీసైక్లిన్ లేదా అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్‌తో చాలామందికి పూర్తిగా నయమవుతుంది. ముందుజాగ్రత్తగా ఒకే ఒక్క డోసు డాక్సీసైక్లిన్ ఇచ్చే పద్ధతి అమెరికాలో ఉంది కానీ, అది పిడుదును తీసిన 72 గంటల్లోపు, అదీ ఎక్కువసేపు అంటుకుని ఉన్నప్పుడు. మీ ఉత్తరం నా చేతికి అందేసరికే ఆ గడువు దాటింది. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ ఏదో వేసేయకండి.

కుట్టిన ఆదివారం నుంచి 30 రోజులు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. ఈలోగా మచ్చ లేకపోయినా జ్వరం, ఒళ్ళునొప్పులు, విపరీతమైన నీరసం వస్తే వెళ్ళండి. ఆ తర్వాత కొన్ని నెలల్లోపు మూతి ఒక పక్కకు వంకర పోయినా, గుండె దడదడలాడినా, మోకాలు వాచినా వెళ్ళాల్సిందే. డాక్టర్‌తో మొదటి మాటగా ‘పిడుదు కుట్టింది, ఫలానా తేదీన, ఫలానా చోట’ అని చెప్పండి. మీరు చెప్పకపోతే ఆయనకు తట్టకపోవచ్చు.

ఇంకో మాట. ఆ రోజు గడ్డిలో తిరిగింది బాబు ఒక్కడే కాదు కదా. మిగతా పిల్లల జుట్టు మొదళ్ళు, చెవుల వెనక, చంకలు, బొడ్డు, గజ్జలు చూశారా? మీవీ చూసుకోండి.