పాత ఎలక్ట్రిక్ గిటారును ప్రదర్శనకు ఇచ్చేముందు కొత్తదానిలా చేయించాలా?

వద్దు. ముందు ఈ మాట చెప్పి తరవాత కారణాలు చెబుతాను: దయచేసి ఆ గిటారును పాలిష్‌కు ఇవ్వకండి. మీ మామయ్యగారు సికింద్రాబాద్‌లో వాయించిన 1966 నాటి అమెరికన్ గిటారును మీ కళాశాల ప్రదర్శనశాలకు ఇస్తున్నామని, మెరుగు పెట్టించి, తుప్పు తీయించి, తీగలు మార్చి ఇవ్వాలా అని అడిగారు. హైదరాబాద్‌లో ఒక చిన్న ప్రదర్శనశాలలో పదకొండేళ్లుగా వాద్యాల సంరక్షణ చూస్తున్నాను. వాయించడానికి బాగుచేయడం వేరు, చూపడానికి కాపాడడం వేరు. అక్కడ అరిగినదాన్ని మారుస్తాం. ఇక్కడ ఆ అరుగుదలనే కాపాడుకుంటాం.

ఒకసారి మాకు గిటారు ఇచ్చినవారు ప్రేమకొద్దీ ముందే ఒక మరమ్మతు దుకాణంలో శుభ్రం చేయించి తెచ్చారు. అక్కడ ఫ్రెట్లను, అంటే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలను, ఇనుప పీచుతో రుద్దారు. పికప్ అంటే తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం; అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నని రాగితీగను వేల చుట్లు చుట్టి ఉంటుంది. రాలిన ఇనుప రజనంతా ఆ అయస్కాంతాలను పట్టుకుంది. వానాకాలం వచ్చేసరికి అది తుప్పుగా మారింది. భూతద్దం పెట్టుకుని, అంటుకునే టేపు ముక్కలతో దాన్ని తీయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. అంతకన్నా బాధపెట్టిన విషయం ఇంకొకటుంది. గరగరమంటోందని లోపలి వాల్యూమ్ కంట్రోలును మార్చి పాతదాన్ని పారేశారు. ఆ కాలపు అమెరికన్ కంట్రోళ్ల మీద అంకెలు ముద్రించి ఉంటాయి. 1376633 అని ఉందనుకోండి: 137 అంటే సీటీఎస్ అనే తయారీ సంస్థ, 66 అంటే సంవత్సరం, 33 అంటే ఆ ఏడాదిలో వారం. గిటారు వయసుకు లోపలే దొరికే సాక్ష్యం అది. కాబట్టి లోపలి టంకం అతుకులను ఎవరినీ ముట్టనివ్వకండి.

తీగలు తుప్పుపట్టినా సరే, ఆయన చేత్తో చివరిసారి బిగించినవి అవే. అన్నీ ఊడదీయకండి. మామూలు శ్రుతిలో ఆరు తీగలూ కలిపి మెడను సుమారు 45 కిలోల బరువుతో సమానంగా లాగుతాయి. మెడలో దాగిన ఉక్కు కడ్డీ దానికి ఎదురు నిలుస్తుంది. తీగలు లేకపోతే కడ్డీదే పైచేయి అయి మెడ వెనక్కి వంగవచ్చు. మేము రెండు మూడు స్వరస్థానాలు దించి వదిలేస్తాం.

శుభ్రం చేయడమంటే మెత్తని కుంచెతో దుమ్ము దులపడమే. ఆ కాలపు చాలా గిటార్లకు నైట్రోసెల్యులోజ్ లాకరు పూత ఉంటుంది. స్పిరిట్, థిన్నర్ వంటివి దాన్ని కరిగిస్తాయి. స్టాండుకున్న రబ్బరు, పీవీసీ తొడుగులు నెలల తరబడి తగిలి ఉంటే ఆ పూత మెత్తబడి వాటికి అంటుకుపోతుంది. మధ్యలో ఉతికిన నూలు బట్ట గాని, పాలిథీన్ నురుగు గాని పెట్టించండి.

ఇక మన ఊరి వాతావరణం. మే నెలలో నలభై డిగ్రీల ఎండ, ఒళ్లు పగిలే పొడిగాలి. జూలైకల్లా గోడలు కూడా చెమ్మగిల్లుతాయి. చెక్క ఆ తేమను పీల్చి ఉబ్బుతుంది, వదిలి కుంచించుకుపోతుంది. పైపూత దానితోపాటు సాగలేక సన్నగా బీటలు వారుతుంది. తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మంచిది, కానీ అంతకంటే ముఖ్యం అది నిలకడగా ఉండడం. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేసే గదికన్నా, ఏసీ లేని లోపలి గదే మేలని నా అనుభవం. ఆ గదిలో ఎయిర్ కూలర్ మాత్రం వద్దు, అది తేమనే ఊదుతుంది. ఎండ సోకే కిటికీ దగ్గర పెట్టనివ్వకండి. 1958–60 నాటి గిబ్సన్ కంపెనీ లెస్‌పాల్ గిటార్లలో ఎర్రరంగు వెలుతురుకు వెలిసిపోయి పసుపే మిగిలినవి ఎన్నో ఉన్నాయి. వెలుతురు 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) మించకపోతే నిశ్చింత.

అద్దాల పెట్టె చేయించే ముందు పికప్‌ల పక్కనున్న ప్లాస్టిక్ రేకును చూడండి. మెత్తని గుడ్డతో కాస్త రుద్దితే కర్పూరం వాసన వస్తే అది సెల్యులాయిడ్. నైట్రోసెల్యులోజ్‌లో కర్పూరం కలిపి చేసిన పదార్థమది. పాతబడ్డకొద్దీ ఆమ్ల వాయువులు వదులుతుంది. గాలి ఆడని పెట్టెలో అవే పేరుకుని మరలను, పికప్‌లను తినేస్తాయి. రేకు ముడుచుకుపోతున్నా, చుట్టూ మరలు పచ్చబడుతున్నా ఆలస్యం చేయకుండా సంరక్షణ తెలిసినవారికి చూపించండి. పూర్తిగా మూస్తే వాయువులు, తెరిచి ఉంచితే తేమ: ఈ ఇరకాటం నుంచి తేలిగ్గా బయటపడలేం. మేము కాస్త గాలి ఆడే అల్యూమినియం పెట్టెలో, వాయువులను పీల్చుకునే క్రియాశీల బొగ్గు పొట్లాలు పెట్టి, నెలనెలా చూసుకుంటున్నాం. కొత్త ప్లైవుడ్ పెట్టె మాత్రం వద్దు, దాని జిగురు కూడా వాయువులు వదులుతుంది.

ఏదీ తాకకముందే అన్ని వైపులా ఫొటోలు తీయండి. తరవాత గిటారును ఒళ్లో పెట్టుకుని మామయ్యగారి పక్కన కూర్చోండి. తల దగ్గర సిగరెట్టు కాలిన మచ్చ ఉంటే, అది ఏ కచేరీలో తీగ చివర గుచ్చి మరిచిపోయినదో అడగండి. బొటనవేలు రాసుకుని పూత పోయిన చోటు చూపించి, ఏ పాటలు ఎక్కువగా వాయించేవారో అడగండి. ఆయన గొంతు ఫోనులో రికార్డు చేసి, ఆ మాటలను గిటారుతోపాటే ప్రదర్శనశాలకు ఇవ్వండి.