జట్టు చరిత్ర రాయబోతున్న చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

మన పిల్లల బేస్‌బాల్ జట్టు చరిత్ర రాసే పని నీకు అప్పగించారని విని సంతోషించాను. చాలా ఏళ్లు ఆ జట్టు స్కోరు పుస్తకం రాసిన చనువుతో నాలుగు మాటలు చెబుతున్నాను.

ముందుగా పాత ఆటగాళ్ల దగ్గరికి కాదు, పాత స్కోరు పుస్తకాల దగ్గరికి వెళ్లు. మనవాడొకడు ఫైనల్లో బంతిని కంచె దాటించాడని నేను ఏళ్ల తరబడి చెప్పుకున్నాను. తీరా నా చేతిరాతే తెరిచి చూస్తే వాడు చేరింది రెండో బేస్ దాకానే. పుస్తకంలో ఆటగాళ్ల స్థానాలను అంకెలతో రాస్తాం; 6-4-3 అని ఉంటే, షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడేవాడు) అందుకున్న బంతి రెండో బేస్‌మన్ చేతుల మీదుగా మొదటి బేస్‌కు చేరిందని అర్థం. తిరగేసిన ‘కే’ అక్షరం ఉంటే, బ్యాటర్ మూడో స్ట్రైక్‌కు బ్యాట్ కదపకుండా నిలబడిపోయి అవుటయ్యాడన్నమాట. అమెరికాలో పుట్టిన పిల్లల బేస్‌బాల్ సంస్థ లిటిల్ లీగ్ పద్ధతిలో చిన్నపిల్లల ఆట ఆరు ఇన్నింగ్స్‌దే కాబట్టి, ఏడో గడి ఖాళీగా ఉందని ఆట వానకు ఆగిపోయినట్టు రాసేయకు.

పేర్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 1939లో అమెరికాలోని విలియమ్స్‌పోర్ట్‌లో కార్ల్ స్టాట్జ్ లిటిల్ లీగ్ మొదలుపెట్టినప్పుడే జట్లకు లండీ లంబర్, లైకోమింగ్ డైరీ అంటూ డబ్బిచ్చిన వ్యాపారుల పేర్లు పెట్టారు. దాత మారితే చొక్కా మీద పేరూ మారుతుంది. అంతమాత్రాన పాత జట్టు పోయి కొత్తది పుట్టినట్టు కాదు. ఆటగాళ్ల పేర్లూ అంతే. 1950లో కాథరిన్ జాన్‌స్టన్ అనే అమ్మాయి జడలు కత్తిరించుకొని, ‘టబ్బీ’ అనే మారుపేరుతో అబ్బాయిల జట్టులో ఆడింది. ఆ తరువాత లిటిల్ లీగ్ అమ్మాయిలను నిషేధించి, 1974లో గానీ తలుపులు తెరవలేదు. అందుకని జాబితాలో ముద్దుపేరు మాత్రమే కనిపిస్తే, అది ఎవరిదో విచారించాకే రాయి.

కప్పుల లెక్కకు ఒక పేజీ చాలు. నాకైతే సీజనంతా బెంచీ మీదే కూర్చొని, ఆఖరి ఆటలో కుడి ఫీల్డ్‌కు వెళ్లిన పిల్లల పేర్లే ముఖ్యం. వాటిని పుస్తకం అంచున పెన్సిల్‌తో రాశాను, అవి చెరిగిపోతున్నాయి. ఫొటోలు తీసే పని వాటితోనే మొదలుపెట్టు.