కొస తెగిన వేలితో గిటారు

ప్రశ్న: మాది చిత్తూరు. వయసు 24. గ్రానైట్ కోసే యూనిట్‌లో పనిచేస్తుండగా ఎడమచేతి ఉంగరపు వేలి కొస పోయింది. గాయం పూర్తిగా మానింది. గిటారు నేర్చుకోవాలని ఎప్పటి నుంచో ఆశ. ఒక మాస్టారు నా చెయ్యి చూసి తబలా నేర్చుకోమన్నారు. స్నేహితులేమో సంకల్పబలం ఉంటే చాలంటున్నారు. ఎవరి మాట వినాలి?
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: ఇద్దరిదీ వద్దు. తబలాకు వేళ్ళు అక్కర్లేదని ఆ మాస్టారికి ఎవరు చెప్పారో! ఇక సంకల్పబలంతో తీగ నొక్కితే వేలు వాస్తుంది, అంతే. తిరుపతిలో ఇన్నేళ్ళుగా గిటారు నేర్పుతున్నవాడిగా నేను మీకు చెప్పదలచింది బ్లాక్ సబ్బాత్ అనే ఇంగ్లిష్ రాక్ సంగీత బృందం గిటారిస్టు టోనీ ఐయోమీ సంగతి.

1948లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. పదిహేడేళ్ళ వయసులో రేకుల ఫ్యాక్టరీలో పని. సంగీతమే బతుకనుకుని ఉద్యోగం మానేశాడు. ఆఖరి రోజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి ఇక వెళ్ళనంటే, పని పూర్తిచేసి రమ్మని తల్లి పంపింది. ఆ పూట రేకులు నొక్కే ప్రెస్సు యంత్రం నడిపే మనిషి రాలేదు. ఇతణ్ణి నిలబెట్టారు. కుడిచేతి నడిమి వేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. మనిషిది ఎడమచేతి వాటం, ఎడమచేత్తో మీటి కుడిచేత్తో తీగలు నొక్కేవాడు. అంటే తీగలు నొక్కే చెయ్యే పోయింది.

దిగాలుపడి ఉంటే ఫ్యాక్టరీ పెద్ద ఒకాయన జాంగో రైన్‌హార్ట్ రికార్డు వినిపించాడు. 1928లో అగ్నిప్రమాదంలో ఎడమచేతి రెండు వేళ్ళు పనికిరాకుండా పోయినా, మిగిలిన వేళ్ళతోనే జాజ్ గిటారులో మేటి అయినవాడు జాంగో.

ఆ రికార్డు ధైర్యమిచ్చింది. దారి మాత్రం ఐయోమీ తన చేతులతో వేసుకున్నాడు. గిన్నెలు తోమే సబ్బుద్రవం ప్లాస్టిక్ సీసాను కరిగించి ఉండ చేశాడు. కాలిన ఇనుముతో వేలు దూరేంత రంధ్రం పెట్టి, ఉప్పు కాగితంతో అరగదీసి తొడుగులు చేసుకున్నాడు. ప్లాస్టిక్ తీగ మీద జారిపోతుంటే, పాత తోలు జాకెట్టు ముక్క కోసి పైన అంటించాడు. అప్పట్లో సన్న తీగలు సులభంగా దొరికేవి కావు కనుక బాంజో అనే వాద్యానికి వాడే సన్న తీగలు ఎక్కించాడు. 1970 ఫిబ్రవరిలో బృందం తొలి ఆల్బమ్ వచ్చింది. 1971 నాటి ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’కి వచ్చేసరికి, చాలా పాటలకు గిటారును మూడు అర్ధస్వరాలు దించి వాయించాడు. మన భాషలో మూడు శ్రుతి నుంచి ఒకటిన్నరకు దించాడన్నమాట. అదే తీగ మీద బిగువు దాదాపు 30 శాతం తగ్గుతుంది. వేలికి సుఖం, నాదానికి బరువు! హెవీ మెటల్ అనే రాక్ శైలి అంటే చెవిలో మోగే ఆ మంద్ర నాదం వెనుక ఈ లెక్క కూడా ఉంది. అలాంటి తొడుగులతోనే 2025 జులైలో సొంతూరి విల్లా పార్క్ స్టేడియంలోనూ వాయించాడు.

ఇక మీ సంగతి. చూపుడు, నడిమి, చిటికెన వేళ్ళు బాగున్నాయిగా? మొదటి ఆరు నెలలు వాటితోనే నడపండి. చాలా కార్డులకు (కొన్ని స్వరాలు ఒకేసారి మోగేలా తీగలు నొక్కే పట్లకు) ఉంగరపు వేలి చోట చిటికెన వేలు వెయ్యవచ్చు. మొదట అది మొండికేస్తుంది, లొంగుతుంది. దుకాణంలో మందమైన స్టీలు తీగలున్న అకౌస్టిక్ (కరెంటు అక్కర్లేని గిటారు) అంటగట్టబోతారు. వద్దు. ఎలక్ట్రిక్ గిటారుకు 9 నంబరు సన్న తీగలు వేయించుకోండి, అవసరమైతే శ్రుతి దించుకోండి. తొడుగు గురించి ముందు మీ డాక్టరును అడగండి. కొస ఇంకా సున్నితంగా ఉంటే ఒత్తిడి మంచిది కాదు.

ఇంకో మార్గమూ ఉంది. గిటారును తిప్పి పట్టుకుని, కుడిచేత్తో తీగలు నొక్కడం. అప్పుడే అలా మార్చుకుని ఉండాల్సిందని ఐయోమీయే తరవాత అన్నాడు. అప్పటికే కొన్నేళ్ళు సాధన చేసి ఉండటంతో మనసొప్పలేదు. మీకు ఆ చిక్కు లేదు, ఇంకా మొదలే పెట్టలేదు కదా. కాకపోతే ఎడమచేతివాటం గిటార్లు మన ఊళ్ళలో అరుదు. చెన్నై నుంచి తెప్పించుకోవాలి. కొనేముందు ఒక ఆదివారం నా దగ్గరికి రండి, రెండు పద్ధతుల్లోనూ పట్టుకుని చూద్దురుగాని.